అక్షరాభ్యాసానికి ముందు

మా నాయన రాసిన ఉత్తరాలు ఒక రేకు పెట్టెలో ఉన్నాయి. ఆయన ఆదవానిలో ఒక పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉన్న కాలంలో మా అమ్మకు రాసినవి. అన్నీ తెలుగులోనే. మొన్న సంక్రాంతికి మా అబ్బాయి బెంగళూరు నుంచి బళ్ళారికి వచ్చినప్పుడు ఆ పెట్టె తీసి వాడి ముందు పెట్టాను. వాడు ఒక కార్డు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "నాయనా, ఇందులో తాత ఏం రాశాడో నువ్వే చదివి చెప్పు" అన్నాడు.

వాడికి నలభై ఏడేళ్ళు. ఇంజనీరు. కన్నడం, ఇంగ్లీషు, హిందీ చదువుతాడు. తెలుగు మాట్లాడతాడు గాని తెలుగు అక్షరం రాదు. ఇది వాడి తప్పని నేననను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పినవాణ్ణి నేను. ఊళ్ళో పిల్లలందరికీ విజయనగర సామ్రాజ్య పతనానికి కారణాలు చెప్పాను. నా ఇంట్లో నా భాష ఏ కారణాల వల్ల ఒక తరంలోనే అక్షరాలు పోగొట్టుకున్నదో ఆలోచించలేదు. ఆలోచించడం మొదలుపెట్టింది ఈ మధ్యనే, మనవరాలు పుట్టిన తర్వాత.

"బడిలో తెలుగు లేకపోయింది, అందుకని రాలేదు" అని మనలో చాలామంది చెప్పుకుంటాం. నేనూ అదే చెప్పుకునేవాణ్ణి. అది సగం నిజం. మిగతా సగం బడికి ముందే ఉంది. పిల్లవాడు బడి గడప తొక్కకముందు, మూడు నాలుగేళ్ళ వయసులో, ఒడిలో కూర్చోబెట్టుకుని ఒక పుస్తకం తెరిచి చదివి వినిపించడం అనే పని ఒకటున్నది. ఆ పని మనకు ఎప్పుడు వచ్చింది, అంతకు ముందు దాని స్థానంలో ఏముండేది, అది ఎందుకు జారిపోయింది అన్నదే ఈ వ్యాసం. మా ఊరి నుంచే మొదలుపెడతాను. మా ఊరికి ఈ విషయంలో ఒక గట్టి ఆధారం ఉంది.

బళ్ళారి, 1823

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన రాజధానిలోని జిల్లాలన్నిటిలో దేశీయ పాఠశాలలు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఏం చెబుతున్నారో లెక్క తీయమని కలెక్టర్లకు ఆజ్ఞ పంపాడు. చాలామంది కలెక్టర్లు పట్టికలు నింపి ఊరుకున్నారు. బళ్ళారి కలెక్టరు ఏ.డి. క్యాంబెల్ మాత్రం 1823 ఆగస్టులో ఒక సుదీర్ఘమైన నివేదిక రాశాడు. ఈ క్యాంబెల్ మనకు పరాయివాడు కాదు. 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో తెలుగు నిఘంటువును ఇంగ్లీషులో ప్రచురించినవాడు. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టినవి కావు, ఒకే వేరు కుటుంబానికి చెందినవి అని ఎల్లిస్ దొర నిరూపించింది ఆ వ్యాకరణానికి రాసిన పీఠికా భాగంలోనే.

క్యాంబెల్ లెక్క ప్రకారం అప్పటి బళ్ళారి జిల్లాలో 533 బడులు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. మిగిలినవి మరాఠీ 23, పారశీకం 21, తమిళం 4, ఇంగ్లీషు 1, శాస్త్రాలు చెప్పే సంస్కృత పాఠశాలలు 23. కన్నడ బడులకు, తెలుగు బడులకు తేడా తొమ్మిదే. నాడు ఈ గడ్డ మీద రెండు భాషలూ భుజం భుజం కలిపి నడిచాయనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

కాని అదే నివేదికలో మరో లెక్క ఉంది. జిల్లా జనాభా 9,27,857. బడికి పోయే పిల్లలు 6,641. వారిలో ఆడపిల్లలు 60 మంది. దాదాపు పది లక్షల మందిలో ఏడు వేల మంది పిల్లలు కూడా బడికి పోవడం లేదని క్యాంబెల్ బాధపడ్డాడు. విదేశీ గుడ్డలు వచ్చి మన సాలెవాళ్ళ మగ్గాలను దెబ్బతీయడం, దేశం నానాటికీ పేదదై పోవడం ఇందుకు కారణాలని రాశాడు. కంపెనీ ఉద్యోగి అయి ఉండీ ఆ మాట రాశాడు.

బడిలో చేర్చే తంతును ఆయన దగ్గరుండి చూసినట్టే వర్ణించాడు. పిల్లవాడికి ఐదేళ్ళు నిండితే అయ్యవారిని, బడిపిల్లలను ఇంటికి పిలుస్తారు. వినాయకుడి బొమ్మ చుట్టూ అందరూ కూర్చుంటారు. బొమ్మకు ఎదురుగా పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, అయ్యవారు వాడి వేలు పట్టుకుని బియ్యంలో దేవుడి పేరు రాయిస్తాడు. కానుక పుచ్చుకుంటాడు. మర్నాటి నుంచి బడి. ముందుగా వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాళ్ళకు ఒక్కొక్కటి ఎక్కువ. ఇసకలో వేలితో అక్షరాలు, తర్వాత ఆకు మీద గంటంతో, కడితం మీద బలపంతో రాత. ఈ ఇసక రాతనే మద్రాసు ఎగ్మూరులో ఆండ్రూ బెల్ అనే దొర చూసి, తన అనాథ పాఠశాలలో ప్రవేశపెట్టి, 1797లో దాని మీద ఇంగ్లండులో పుస్తకం వేశాడు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పే ఆ చదువుకు అక్కడ 'మద్రాసు పద్ధతి' అనే పేరే స్థిరపడింది.

వీధిబడిని ఇంతగా మెచ్చుకున్న క్యాంబెల్ ఒక లోపాన్ని మాత్రం దాచలేదు. పిల్లలు బట్టీ పట్టే పద్యాలు వాళ్ళు ఇంట్లో మాట్లాడే భాషలో లేవు. వందల పద్యాలు అప్పజెబుతారు, అర్థం మాత్రం చిలకకు ఎంత తెలుసో వాళ్ళకూ అంతే తెలుసు. అయ్యవారికీ చాలాచోట్ల అంతే. ఈ మాట చదివినప్పుడు నేను ఆగాను. అక్షరం వచ్చినంత మాత్రాన చదువు రాదు, అక్షరం వెనక మాట ముందే పిల్లవాడిలో ఉండాలి అని ఆయన రెండు వందల ఏళ్ళ కిందట మా ఊళ్ళోనే గుర్తించాడు. మరి ఆ మాటలు ఎక్కడి నుంచి రావాలి?

ఐదేళ్ళ లోపు

ఐదో ఏటికి ముందు ఏం జరిగేదో కలెక్టరు నివేదికలో లేదు. అది కచేరీకి అందని విషయం. అది ఆడవాళ్ళ రాజ్యం. మా అవ్వకు చదువు రాదు. వేలిముద్ర వేసేది. కాని సాయంత్రం జొన్నరొట్టెలు తట్టడం అయిన తర్వాత, వాకిట్లో నులక మంచం మీద నన్ను, మా చిన్నాయన కొడుకును చెరో పక్కన పడుకోబెట్టుకుని కథ చెప్పేది. రాజుగారి కొడుకులు తెచ్చిన ఏడు చేపల కథ ఎన్ని వందల సార్లు విన్నానో! ఆ కథ నిర్మాణం చూడండి. చేప ఎందుకు ఎండలేదని చేపనే అడుగుతారు. అది మరొకరి మీద చెబుతుంది. వాళ్ళను పోయి అడిగితే వాళ్ళు ఇంకొకరి మీద చెబుతారు. కథంతా ప్రశ్నే. అవ్వ ప్రశ్న దగ్గర ఆగేది, జవాబు మేం చెప్పేవాళ్ళం. తప్పు చెబితే మా చిన్నాయన కొడుకు ఎగిరి కూర్చునేవాడు. అది కథ చెప్పడం కాదు, కథ చెప్పించడం. ఈ సంగతి నాకు ఎంతో కాలం తర్వాత గాని అర్థం కాలేదు.

పుస్తకం ఒడిలోకి రావడం మాత్రం ఆలస్యమయింది. పందొమ్మిదో శతాబ్దిలో చెన్నపట్నంలో అచ్చులు వచ్చాయి. పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష వచ్చింది. దాని వెనక పెద్దబాలశిక్ష వచ్చి తెలుగువాళ్ళు ఎక్కడుంటే అక్కడికి ప్రయాణం చేసింది. అయితే అది బాలల పుస్తకమైనా బడి పుస్తకమే. పిల్లవాడు కూర్చుని వల్లించేది గాని, తల్లి ఒడిలో పెట్టుకుని చదివి వినిపించేది కాదు. 1939లో మారియా మాంటిస్సోరి మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి, చాలామంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాల మీద మూడు నాలుగేళ్ళ పిల్లల చేత వేలు నడిపించడం ఆమె పద్ధతి. మన ఇసక మీది వేలు ఆమె గరుకు కాగితం మీది వేలుకు చుట్టమే. కాని ఆమె వచ్చాకనే, ఐదేళ్ళ లోపు పిల్లవాడికి కూడా ఒక చదువు ఉందని పట్టణాలలో కొందరికి తోచింది.

మా లాంటి ఇళ్ళకు ఆ మార్పు తెచ్చింది మాంటిస్సోరి కాదు, చందమామ. 1947 జులైలో, దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, మద్రాసులో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగులోను, తమిళంలో అంబులిమామగాను ఆ పత్రికను మొదలుపెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే, 1945లో, రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు అదే మద్రాసు నుంచి 'బాల' పత్రిక తెచ్చారు. తెలుగు బాలసాహిత్యంలో ఈ రెండు పెద్ద పనులూ ఇవాళ్టి తెలుగు రాష్ట్రాలలో కాక, మనలాగే భాషా సరిహద్దు మీద ఉన్న ఊళ్ళో జరిగాయన్నది మనం తలెత్తుకుని చెప్పుకోదగ్గ విషయం. 1949లో చందమామ కన్నడంలోనూ వచ్చింది. 1952లో మరాఠీ చాందోబా, 1956లో ఒడియా జన్హమాము వచ్చాయి. అంటే మన పాఠకులు ఉన్న ప్రాంతాలన్నిటిలో, పక్కింటి పిల్లవాడు అతని భాషలో, మన పిల్లవాడు మన భాషలో ఒకే కథ, ఒకే బొమ్మ చూశారు.

1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు గారు ఆ పత్రికకు వాక్యం దిద్దారు. పొడుగు సమాసం లేని, నోటికి తిరిగే వాక్యం. అందుకే దాన్ని పైకి చదవడం తేలిక. చందమామ చదువు వచ్చిన పిల్లల కోసమే అయినా, మా ఇంట్లో మొదట అది వినే పత్రిక. నాయన ఆదివారం వచ్చినప్పుడు చదివేవాడు. మేం ఇద్దరం చెరో భుజం మీద నుంచి తొంగి చూసేవాళ్ళం. విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడిచే బొమ్మ రాగానే మా చిన్నాయన కొడుకు కళ్ళు మూసుకునేవాడు. నాకు అప్పుడు నాలుగేళ్ళు. ఏ అక్షరం ఏదో తెలియదు. కాని పుస్తకం ఎటు నుంచి ఎటు చదువుతారో, వరస అయిపోతే కన్ను మళ్ళీ ఎక్కడికి వస్తుందో, నల్లటి గీతల నుంచి మా నాయన గొంతు ఎలా బయటికి వస్తుందో తెలుసు. బళ్ళో వేసిన రోజు నాకు తెలుగు అక్షరాలు కొత్త వస్తువులు కావు. అప్పటికే వాటితో పరిచయం ఉంది.

తర్వాత రోజుల్లో మాస్కో నుంచి బొమ్మల పుస్తకాలు వచ్చేవి. విశాలాంధ్ర వాళ్ళ దగ్గర కొద్ది డబ్బులకే దొరికేవి. ఆ మాస్కోలో కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగు చేసినవారిలో ఒకరు ఉప్పల లక్ష్మణరావు గారు. ఆయన పుట్టింది బరంపురంలో. 1991లో సోవియట్ యూనియనుతో పాటు ఆ పుస్తకాలూ ఆగిపోయాయి. చందమామకు 1998లో ఒక ఏడాది పైగా విరామం వచ్చింది. మళ్ళీ మొదలై, చేతులు మారి, 2013 నాటికి పూర్తిగా మూతపడింది.

ఒక తరం జారిన చోటు

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా జిల్లా రెండుగా చీలింది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరుకు పోయాయి. బళ్ళారి రాఘవ, ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు గార్ల ఊరు, తెలుగు నాటకానికి పుట్టినిల్లనదగిన ఊరు, రాత్రికి రాత్రి మైనారిటీ భాషా ప్రాంతమయింది. అప్పటి ఉద్యమాల కథ ఇక్కడ తవ్వబోవడం లేదు. కన్నడం మా పొరుగు భాష కాదు, మా ఊరి భాష. దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

1956లో రాజ్యాంగానికి ఏడవ సవరణ చేసి 350-ఎ అధికరణం చేర్చారు. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతుంది. మన సంఘాలు ఇచ్చిన వినతిపత్రాలన్నీ ఆ అధికరణం మీద నిలబడినవే. అందులో రెండు మాటలు గమనించాలి. ఒకటి, 'ప్రయత్నించాలి' అన్నది. రెండోది, 'ప్రాథమిక దశ' అన్నది. పిల్లవాడి మొదటి ఐదేళ్ళ గురించి ఆ అధికరణంలో మాట లేదు. 1975లో అంగన్‌వాడీలు వచ్చినా అవి ఆయా రాష్ట్ర భాషలో నడిచేవే. 2020 జాతీయ విద్యా విధానం మూడేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశగా లెక్కించి, మాతృభాషకు పెద్ద పీట వేస్తామన్నది. మంచిదే. కాని హోసూరులోనో, షోలాపురం మగ్గాల వీధిలోనో మూడేళ్ళ తెలుగు పిల్ల దగ్గరికి ఏ విధానం నడిచి రావాలి? ఆ వయసుకు ఇల్లు తప్ప వేరే బడి లేదు.

ఇక నా సంగతి. మా అబ్బాయికి మూడేళ్ళు వచ్చినప్పుడు, 1981లో, ఒక నర్సరీ బడిలో వేశాం. అక్కడి టీచరమ్మ మమ్మల్ని పిలిచి, ఇంట్లో తెలుగు తగ్గించండి, లేకపోతే పిల్లవాడు తికమక పడతాడు, ఇంగ్లీషు రాదు అని చెప్పింది. ఉపాధ్యాయుణ్ణి అయి ఉండీ నేను నమ్మాను. మాట్లాడటం మానలేదు. అది మానలేం. కాని చదివి వినిపించడం మానేశాను. నా చేతిలో చందమామ ఉండేది, నేనే చదువుకునేవాణ్ణి. వాడు వచ్చి బొమ్మ చూడబోతే, "నీ రైమ్స్ పుస్తకం తెచ్చుకో" అని పంపేవాణ్ణి. పెద్దయ్యాక వేసవి సెలవుల్లో అక్షరాలు నేర్పబోతే వాడు పారిపోయేవాడు. ఎందుకు పారిపోడు? వాడికి తెలుగు అంటే తాతతో మాట్లాడే మాట. అక్షరం అంటే ఇంగ్లీషు, కన్నడం. తెలుగుకు అక్షరం ఉందని, అందులో సుఖం ఉందని వాడి ఒంటికి తెలియాల్సిన వయసులో నేను తెలియనివ్వలేదు.

పరిశోధకులు చెప్పేది

ఇప్పుడు ఈ విషయం మీద చాలా పరిశోధన ఉంది. అందులో నాకు ముఖ్యమనిపించినవి రెండు చెబుతాను.

ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో గార్డన్ వెల్స్ అనే ఆయన పిల్లలను ఏళ్ళ తరబడి గమనించి 1986లో ఒక పుస్తకం రాశాడు. బడికి ముందు ఇంట్లో పిల్లలు చేసే పనులలో బొమ్మలు గీయడం, బొమ్మల పుస్తకం చూసి పేర్లు చెప్పడం, కథ చదివితే వినడం ఇవన్నీ ఉన్నాయి. వీటిలో తర్వాతి చదువుతో గట్టి సంబంధం కనబడింది ఒక్కదానికే. అది కథ వినడం. ఎందుకంటే మామూలు మాటలకు ఎదురుగా వస్తువు ఉంటుంది. 'నీళ్ళు తాగు' అంటే ఎదురుగా గ్లాసు ఉంటుంది. కథలో అలా కాదు. ఎదురుగా లేని అడవిని, లేని పులిని మాటలతోనే కట్టుకోవాలి. చదువంటే అదే.

మన సంగతికి ఇది ఇంకా బాగా వర్తిస్తుంది. మన ఇళ్ళలో తెలుగు మిగిలింది వంటింటి తెలుగు. రా, పో, తిను, పడుకో. బెంగళూరు ఫ్లాటులో కపిల బావి లేదు, గరిసె లేదు, గొడ్లచావిడి లేదు, గుంటక లేదు. ఆ మాటలు పిల్లకు ఎదురయ్యే చోటు పుస్తకం ఒక్కటే. మాట్లాడే తెలుగు ఎంత నిలబెట్టినా, చదివి వినిపించని ఇంట్లో అది ఏటికేడాది చిక్కిపోతుంది. ఇది నేను నా ఇంట్లోనే చూశాను.

రెండోది అమెరికాలో జరిగింది. గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన సహచరులు 1988లో ప్రచురించారు. రెండు మూడేళ్ళ వయసు పిల్లల తల్లిదండ్రులను రెండు జట్లు చేశారు. రెండు జట్లూ ఇంట్లో చదివి వినిపించేవాళ్ళే. ఒక జట్టుకు మాత్రం చదివే తీరు నేర్పారు. గబగబా చదువుకు పోవద్దు, ఆగి అడగండి, అవును-కాదు అనే ప్రశ్న కాదు, 'ఏమయింది, ఎందుకు' అని అడగండి, పిల్ల ఒక్క మాట చెబితే దాన్ని పూర్తి వాక్యం చేసి తిరిగి చెప్పండి అన్నారు. నెల రోజులు. ఆ తర్వాత పరీక్ష చేస్తే, మాటలతో చెప్పగల శక్తిని కొలిచే ఒక పరీక్షలో ఈ పిల్లలు రెండో జట్టు కంటె ఎనిమిదిన్నర నెలలు, మరొక దానిలో ఆరు నెలలు ముందున్నారు. చదివింది ఎంతసేపన్నది కాదు, ఎలాగన్నది ముఖ్యమయింది. కాలం గడిచే కొద్దీ ఆ తేడా కొంత తగ్గిందని కూడా వాళ్ళే చెప్పారు. అంటే నెల చేసి మానే పని కాదన్నమాట.

ఇది చదివినప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. ఏడు చేపల కథలో ప్రశ్న దగ్గర ఆగి మా మొహాలు చూసిన ముసలామె. ఆమెకు లేనిది పుస్తకం. మాకు పుస్తకం ఉంది, ఆగడం మరిచిపోయాం. రెండూ ఒకచోట కలిస్తే చాలు.

రెండు భాషలు వింటే పిల్లలు తికమక పడతారన్న భయానికి ఆధారం లేదని కూడా ఇప్పుడు భాషా శాస్త్రజ్ఞులు తేల్చారు. నాకు వాళ్ళ సాక్ష్యం కూడా అక్కరలేకపోవలసింది. 235 కన్నడ బడులు, 226 తెలుగు బడులు పక్కపక్కనే ఉన్న జిల్లాలో పుట్టినవాణ్ణి. మా తాతలు రెండు భాషల్లో పద్దులు రాశారు.

మనవరాలు

మనవరాలికి ఇప్పుడు నాలుగేళ్ళు. మా కోడలిది కన్నడ కుటుంబం. పిల్లకు రెండేళ్ళప్పుడు ఈ సంగతులన్నీ భయపడుతూనే కోడలి దగ్గర కదిపాను. ఆమె ఏమనుకుంటుందోనని. ఆమె, "మావా, తెలుగులో మీరు చదవండి, కన్నడంలో నేను చదువుతాను, దానికేం?" అన్నది. నలభై ఏళ్ళ కిందట నాకు తట్టని మాట అది.

పుస్తకాల కొరత ఒకప్పటిలా లేదు. నేషనల్ బుక్ ట్రస్టువారి పిల్లల పుస్తకాలు ఒకే బొమ్మలతో తెలుగులోనూ కన్నడంలోనూ దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అని పెట్టి, వందల కథలను అనేక భారతీయ భాషల్లో ఉచితంగా అందుబాటులో ఉంచారు. ఒకే కథను కోడలు కన్నడంలో, నేను తెలుగులో చదువుతాం. నేను బళ్ళారిలో ఉన్నప్పుడు సాయంత్రం ఏడు గంటలకు ఫోనులో బొమ్మ చూపిస్తూ చదువుతాను. పదిహేను నిమిషాలే. అంతకు మించితే కూర్చోదు, కూర్చోబెట్టనూ కూడదు. ఒకే పుస్తకం పదిసార్లు అడుగుతుంది. మొదట్లో విసుగొచ్చేది. పదోసారి నేను ఒక వాక్యం వదిలేస్తే "తాతా, కోతి సంగతి చెప్పలేదు" అని పట్టుకుంది. అప్పుడు తెలిసింది, విసుగు నాది, చదువు దానిది.

కర్ణాటకలో ఉన్న మనకు ఇంకొక సౌకర్యం ఉంది. కన్నడ, తెలుగు లిపులు ఒకే పాత లిపి నుంచి చీలినవి. గ, న, ద, బ లాంటివి దాదాపు ఒకటే, తలకట్టు తీరులోనే తేడా. క, త, హ దగ్గర మాత్రం తడబాటు. పిల్ల ఇప్పుడిప్పుడే తల్లి దగ్గర కన్నడ 'న' గుర్తుపట్టింది. నా పుస్తకంలోనూ దాన్ని చూసి, "ఇదీ 'న'నే, కాని దీనికి టిక్కు పెట్టారు" అన్నది. తలకట్టు గురించి ఇంత బాగా ఏ అయ్యవారూ నాకు చెప్పలేదు. తమిళనాట, ఒడిశాలో, మహారాష్ట్రలో ఉన్నవారికి ఈ వెసులుబాటు లేదు. వాళ్ళు అక్షరం కోసం తొందరపడక, ముందు చెవికి తెలుగు నింపితే చాలు. అక్షరం ఎప్పుడు నేర్చినా, లోపల మాట ఉంటే అది వచ్చి అతుక్కుంటుంది. క్యాంబెల్ దొర చెప్పిన చిలక చదువు కాకుండా ఉంటుంది.

బడిలో తెలుగు కోసం మనం అడగడం మానకూడదు. అది మన హక్కు. కాని ఆ కాగితాలు కదిలే లోపల మన పిల్లలకు ఐదేళ్ళు నిండిపోతాయి. కోర్టు, కచేరీ, సంఘం ఏదీ అక్కరలేకుండా, ఇవాళ సాయంత్రమే మొదలుపెట్టగలిగిన తెలుగు బడి ఒకటి మన ఒళ్ళోనే ఉంది. దానికి జీతం లేదు, అనుమతి అక్కరలేదు. చదువు రాని అవ్వ కూడా దాన్ని నడపగలదని మా అవ్వ చూపించింది.

సంక్రాంతికి వచ్చినప్పుడు మా అబ్బాయి పక్కన కూర్చుని కూతురితో పాటు తనూ విన్నాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం సంచిలో వేసుకున్నాడు. కూతురికి తనే చదవాలని ప్రయత్నిస్తున్నాడట. ఒత్తుల దగ్గర ఆగిపోయి నాకు ఫోను చేస్తాడు. వాళ్ళ తాత ఉత్తరాలు చదవడానికి ఇంకా చాలా దూరం ఉంది. రేకు పెట్టె మాత్రం అటక మీద నుంచి దించి, నా మంచం పక్కనే పెట్టుకున్నాను.

హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం పాఠకులకు ఒక మనవి. బడికి పోకముందు మీ ఇంట్లో మీరు విన్న మొదటి కథ ఏది, ఎవరు చెప్పారు, ఏ మాటలతో చెప్పారు? గుర్తున్నంత వరకు ఈ పత్రికకు రాయండి. అవన్నీ ఒకచోట చేరితే, క్యాంబెల్ నివేదికలో లేని ఆ మొదటి ఐదేళ్ళ చరిత్ర మనమే రాసుకున్నవాళ్ళమవుతాం. మన పిల్లలకు చదివి వినిపించడానికీ పనికివస్తుంది.